శాలువా దొంగ చెక్కిన రోడ్డు

"రేపు పొద్దున వదిలేస్తున్నారు తల్లీ" అన్నాడు నాన్న ఫోన్లో.

టెగన్‌కు ఒళ్ళంతా తేలికైపోయింది. అంతలోనే పక్కన అత్తగారు మెర్లీన్ ఉన్న సంగతి గుర్తొచ్చింది. తర్వాత మాట్లాడతానని గొంతు తగ్గించి చెప్పి ఫోన్ పెట్టేసింది.

"నాన్నేనా?" అంది మెర్లీన్.

"ఆయనే. గనిలో పని అయిపోయిందట."

పెళ్ళికి రాని తండ్రి ఎక్కడో పడమటి గనుల్లో ఉన్నాడని భర్త లాక్లన్‌తో సహా అందరికీ చెప్పింది. ఆయన ఉన్నది వాళ్ళిప్పుడు నిలబడ్డ కొండ అవతలి జైల్లో. దొంగసరుకు లారీ నడిపాడు.

కొత్త కోడలిని మౌంట్ యార్క్ కొండకొమ్ముకు తీసుకొచ్చి, ఖైదీలు వేసిన పాత రోడ్డు చూపించడం ఆ ఇంటి ఆనవాయితీ. లాక్లన్‌కు సెలవు దొరకలేదు. మామగారు డెస్ కారు నడిపాడు. మెర్లీన్ కోడలి చెయ్యి పట్టుకుని బండమీది పలుగు గాటులో పెట్టింది. గాటులో నిలిచిన వాననీళ్ళు చల్లగా తగిలాయి. ఇంకో రోజైతే టెగన్ ఆ చల్లదనానికే చిన్నపిల్లలా మురిసిపోయేది.

"మా తాతల తాత చెయ్యి అమ్మాయ్ ఇది. శాలువా కొట్టేశాడని ఇంగ్లండులో ఓడెక్కించి ఈ దేశానికి తోలేశారు. కాళ్ళకు గొలుసులతో ఈ బండ చెక్కాడు మహానుభావుడు."

అటుగా పోతున్న యాత్రికులను ఆపి మరీ ఆ కథ వాళ్ళకూ చెప్పింది. వంశంలో పాతకాలపు దొంగ ఉంటే ఇక్కడ అందరికీ గొప్పే. బతికున్న దొంగ మాటేమిటి? పెళ్ళి విందులో ఎవరో ఊళ్ళోవాడి అరెస్టు సంగతి ఎత్తగానే మెర్లీన్ ముఖం మాడ్చుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అది టెగన్ మరచిపోలేదు.

డెస్ బల్లమీద కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నాడు. టెగన్ టీ అందుకుని కొండ అవతలి వైపు చూసింది. నాన్న గేటు బయటికొచ్చి ఖాళీ రోడ్డుకేసి చూస్తూ నిలబడడం కళ్ళకు కట్టింది.

"మెర్లీన్, నేను అబద్ధం చెప్పాను. నాన్న గనిలో లేడు, జైల్లో ఉన్నాడు. ఈ కొండ అవతలే. రేపు వదులుతున్నారు. మీరు ఏమనుకున్నా సరే, నేను వెళ్ళాలి."

మెర్లీన్ ముఖం పాలిపోయింది. కోడలి వైపు కాక మొగుడి వైపు చూసింది.

"లాక్లన్‌కు తెలుసా?"

"తెలీదు. ఈ రాత్రికి చెప్పేస్తాను. ఆ తర్వాత నన్ను ఇంట్లో ఉండమన్నా, పొమ్మన్నా మీ ఇష్టం."

మెర్లీన్ ఏదో అనబోయింది. డెస్ కప్పులో టీ పారబోసి లేచాడు.

"ఇక చాల్లే మెర్లీన్" అన్నాడు.

అంతా అయిపోయిందనుకుని టెగన్ తల దించుకుంది.

"రేపు నేనే తీసుకెళ్తానమ్మా, నన్ను వదిలిందీ ఆ జైలు గేటులోంచే."