మడ్‌గార్డ్ వెనక

"ముందు బంపర్ వెనక పెడితే గాలి బాగ తగుల్తది. గని జాలీలకెళ్లి చిన్న పిల్లగాడు గూడ గుర్తుపడ్తడు" అన్నాడు మెకానిక్ యోనా.

"గది వద్దు" అన్నాడు జస్టిన్.

"ఇంజన్ మీద పెడ్తే బానెట్‌కు బొక్క కొట్టాలె."

"గదీ వద్దు. బయటికి ఏదీ కనపడొద్దు."

ఖానాపురం హవేలిలో యోనా షెడ్డు షట్టర్ సగం దించి ఉంది. బంపర్ విప్పిన కారు ముందు ఇద్దరూ గొంతుక్కూర్చున్నారు. మధ్యలో గోనెపట్టా మీద ఇంటర్‌కూలర్. జస్టిన్ హైదరాబాద్‌లో పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించి తెచ్చాడు. చూడ్డానికి చిన్న రేడియేటర్‌లా ఉంది. టర్బో తోసే గాలి వేడెక్కిపోతుంది. ఇంజన్‌లోకి వెళ్లేలోపు దీన్లోంచి పోతే చల్లబడుతుంది. గాలి చల్లబడితే బండికి దమ్ము పెరుగుతుంది.

యోనా టార్చిలైటు పట్టుకుని కారు కిందికి దూరాడు. చాలాసేపటికి బయటికొచ్చాడు.

"కుడిపక్క మడ్‌గార్డ్ వెనక జాగ ఉన్నది. పైపులు కిందికెళ్లి తిప్పుత. బానెట్ లేపి చూసినా తెల్వదు. షురూల తేడా ఏం రాదు. ఎండల ఎత్తు ఎక్కేటప్పుడు చూడు, ఎట్ల గుంజుతదో!"

"ఇంజన్‌కు ఏమన్న అయితదా?"

"ఏం గాదు. వేడి తగ్గుతది, ఇంకా మంచిదే."

"అయితే గక్కడనే పెట్టు. ఆదివారం లోపల కావాలె."

యోనా స్పానర్ చేతిలోకి తీసుకున్నాడు కానీ బోల్టు మీద పెట్టలేదు.

"లచ్చన్నకు తెలిస్తే?"

"జన్మల నా మొఖం చూడడు."

"ఇది దగా గాదా అన్నా?"

"అవ్" అన్నాడు జస్టిన్. తల వంచుకుని బయటికొచ్చి బైక్ ఎక్కాడు.

లచ్చిరాంది చండ్రుగొండ దగ్గర తండా. బొగ్గు గనిలో డంపర్ లారీ నడిపేవాడు. జస్టిన్ మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. ఇద్దరికీ టర్బో డీజిల్ కార్ల పిచ్చి. అదే వాళ్లను కలిపింది. ఏటా ఎండాకాలంలో ఒక ఆదివారం, అడవిలో మూతపడ్డ గనికి వెళ్లే పాత రోడ్డు మీద పందెం వేసుకుంటారు. ఆ దారిన ఇప్పుడు పశువులు కూడా తిరగవు. గెలిచినవాడికి దక్కేది ఏడాదంతా ఎగతాళి చేసే హక్కు మాత్రమే. షరతు ఒకటే. బండి కొన్నది కొన్నట్టుండాలి, ఏమీ మార్చకూడదు. పందెం ముందు ఇద్దరూ యోనా దగ్గరే సర్వీసింగ్ చేయించుకుంటారు.

పోయినేడు చివరి మలుపులో లచ్చిరాం ముందుకు పోతున్నాడు. ఓడిపోతున్నానన్న ఉక్రోషంతో జస్టిన్ స్టీరింగ్ అతనివైపు తిప్పాడు. తప్పించబోయి లచ్చిరాం కారు రోడ్డు దిగి టేకు చెట్టుకు గుద్దుకుంది. కాలు విరిగింది.

చూసినవాళ్లెవరూ లేరు.

దవాఖానాలో లచ్చిరామే అన్నాడు. "నాదే తప్పురా. మలుపు అంచన దొరకలే."

జస్టిన్ నిజం చెప్పబోయాడు. అంతలో లచ్చిరాం భార్య జంపక్క వచ్చి జస్టిన్ రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు పక్కన ఉండబట్టి బతికిండన్నా" అని ఏడ్చింది. ఇక ఆ మాట లోపలే ఉండిపోయింది.

కాలు అతుక్కుంది కానీ లచ్చిరాం మారిపోయాడు. డంపర్ ఎక్కనని రాసిచ్చి గని గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చుంటున్నాడు. పాత కారు బాగు చేయించాడే కానీ తోలింది తక్కువ.

"ఈ ఒక్కసారి వస్త" అన్నాడు ఈ ఏడు. "ఓడితే అమ్మేస్త. తోలుడు నాతోని గాదని ఒప్పుకుంట."

ఆదివారం పొద్దున చర్చిలో ప్రభు భోజనం రొట్టె పళ్లెం వచ్చింది. తప్పు దాచుకున్నవాడు దాన్ని ముట్టకూడదు. జస్టిన్ తీసుకోకుండా పక్కకు అందించాడు.

"ఏడాదిసంది చూస్తున్న. ఏందండీ సంగతి?" అంది భార్య మహిమ, చెవి దగ్గర.

"ఏం లేదు."

మధ్యాహ్నానికి ఎండ నిప్పులు చెరుగుతోంది. పాత గని రోడ్డు మీద రెండు కార్లూ పక్కపక్కన నిలబడ్డాయి. లచ్చిరాం కుంటుకుంటూ వచ్చి జస్టిన్ కిటికీలోకి వంగాడు.

"ఏందిరా, మొఖం గట్ల పెట్టినవ్? నాకే లేని భయం నీకేందిరా?"

జస్టిన్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. లచ్చిరాం వెళ్లి తన కారెక్కాడు.

యోనా తువ్వాలు ఊపాడు.

మొదట్లో జస్టిన్ ముందున్నాడు. తుమ్మచెట్లు దాటి ఎత్తు మొదలైంది. అక్కడ లచ్చిరాం కారు పక్కకొచ్చింది. కొంచెంసేపు రెండూ సమంగా పోయాయి. తర్వాత అది ముందుకు జారింది. జస్టిన్ యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తలేదు. నేలకు తొక్కిపట్టాడు. అయినా అందలేదు. చివరి మలుపులో లచ్చిరాం ఎక్కడా తడబడలేదు. ఈసారి జస్టిన్ రోడ్డులో తన పక్క వదల్లేదు.

జస్టిన్ మూతపడ్డ గని దగ్గరికి చేరేసరికి లచ్చిరాం ఇంకా స్టీరింగ్ పట్టుకునే కూర్చున్నాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు, నవ్వుతున్నాడు. ముందే వచ్చి అక్కడ కాసుకున్న జంపక్క అతని భుజం మీద చరుస్తోంది.

"రేపు పోయి డంపర్ అడుగుత" అంటున్నాడు లచ్చిరాం. "జస్టినూ, చూసినవా? మలుపు చూసినవారా?"

"చూసిన."

జస్టిన్ అక్కడ నిలబడలేక దూరంగా వెళ్లి టేకు నీడలో కూర్చున్నాడు. బైక్ మీద అప్పుడే చేరుకున్న యోనా వెనకే వచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"మరి ఆ కూలర్ ఎప్పుడు ఇప్పాలె అన్నా, లచ్చన్న కారులకెళ్లి?"