సంచుల దగ్గర కూర్చున్నావిడ

ఇలా రావే, ఆ ఫైలు అక్కడ పెట్టి నా పక్కన కూర్చో. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు సర్దుతావు ఆ సర్టిఫికెట్లు? నిన్ను చూస్తుంటే మీ పెద్దత్తే గుర్తొస్తోంది. ఎమ్మే సీటు ఇంటర్వ్యూకి బయల్దేరిన రోజు అదీ ఇలాగే ఇల్లంతా కాగితాలు పరిచింది.

“ఈసారి రాకపోతే చదువు చాలు. వచ్చి కొట్లో కూర్చో,” అన్నారు మీ తాతయ్య.

అన్నారంటే అన్నట్టే. మందుల కొట్లో దాని కోసం స్టూలు కూడా వేయించి ఉంచారు.

యూనివర్సిటీ వరండాలో బెంచీల నిండా పిల్లలే. చివరి బెంచీ మీద మాత్రం ఒకావిడ కూర్చుని ఉంది. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ఒళ్ళో గొడుగు, టిఫిను డబ్బా.

“అమ్మా, మా సంచులు కాస్త చూస్తుంటారా? మంచినీళ్ళు తాగొస్తాం,” అన్నారెవరో.

“పెట్టండి నాన్నా.”

ఇక చూడు, ఒకరిని చూసి ఒకరు, వరండాలోని సంచులన్నీ ఆవిడ కాళ్ళ చుట్టూ చేరాయి.

మీ పెద్దత్త ఆవిడ పక్కనే కూర్చుంది.

“మీ వాళ్ళు లోపలికెళ్ళారా అమ్మా?”

ఆవిడ సిగ్గుపడ్డట్టు నవ్వింది. “ఇంకా పిలవలేదు తల్లీ. నీకు భయంగా ఉందా?”

“చదివిందంతా కడిగేసినట్టు పోయిందండీ.”

“ఎక్కడికీ పోదు. నాకు ఒప్పజెప్పు, అదే వస్తుంది.”

మీ పెద్దత్త కళ్ళు మూసుకుని చరిత్ర పాఠం అందుకుంది. నిజంగానే తాడు పట్టి లాగినట్టు అంతా వచ్చేసింది. కళ్ళు తెరిచి చూస్తే ఆవిడ పెదాలు కూడా కదులుతున్నాయి. పాపం, బిడ్డ కోసం దేవుడికి మొక్కుకుంటోంది కాబోలు అనుకుంది.

అంతలో అటెండరు బయటికొచ్చాడు. “డిగ్రీ ఒరిజినల్ చేత్తో పట్టుకోండి. లేనివాళ్ళని లోపలికి పంపను.”

మీ పెద్దత్త ఫైలు తెరిచింది. కాపీలు ఉన్నాయి. ఒరిజినల్ లేదు.

“జిరాక్స్ మెషీన్లోనే ఉండిపోయిందమ్మా. మూత ఎత్తి తీసుకోవడం మర్చిపోయాను,” అంది, ఏడుపు గొంతుతో.

“ఏ కొట్టు?”

“గేటు బయట, గడియారాలు బాగుచేసే షాపు పక్కన. ఇప్పుడే వెళ్ళొస్తాను.”

“నువ్వు కూర్చో. ఈలోపు పిలిస్తే? మూడు పిలుపులు పిలిచి పేరు కొట్టేస్తారు.” ఆవిడ తలుపు వంక ఒకసారి చూసింది. “ఆ అబ్బాయి ఇప్పుడేగా లోపలికెళ్ళాడు. వచ్చేస్తాలే. సంచులు చూస్తుండు.”

ఎండలోకి గొడుగు విప్పుకుని, మెట్లు దాదాపు పరుగున దిగింది.

లోపలికెళ్ళిన అబ్బాయి వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చాడు.

“ఏమడిగారురా?”

“పేరడిగారు. అదొక్కటే చెప్పగలిగాను.”

అటెండరు ఎవరో ఆడమనిషి పేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాడు.

“పెళ్ళి కుదిరిపోయుంటుంది లెండి. మనకో సీటు మిగిలింది,” అన్నాడొకడు. అందరూ నవ్వారు.

మీ పెద్దత్తకు నవ్వు రాలేదు. ఆ పేరుగలావిడెవరో వచ్చి కాసేపు లోపల కూర్చుంటే బాగుండును, ఈలోపు నా కాగితం వచ్చేస్తుంది అని తపించిపోయింది.

మూడో పిలుపూ అయింది. అటెండరు ఆ పేరు కొట్టేసి మీ పెద్దత్త పేరు పిలిచాడు.

కాపీల ఫైలు పట్టుకుని తలుపు దాకా వెళ్ళింది.

“ఒరిజినల్ ఏదమ్మా?”

అప్పుడు వచ్చింది ఆవిడ, ఆయాసపడుతూ, కాగితాన్ని గుండెలకు హత్తుకుని. కొట్టువాడు తాళం వేసుకుని భోజనానికి వెళ్తే, ఇల్లు వాకబు చేసి లాక్కొచ్చిందట.

“వెళ్ళు తల్లీ. నాకు చెప్పినట్టే చెప్పు.”

అలాగే చెప్పింది. సార్లు తలలు ఊపారు.

బయటికొచ్చేసరికి ఆవిడ అటెండరుతో మెల్లగా ఏదో అంటోంది.

“నేనేం చెయ్యనమ్మా, మూడుసార్లూ పిలిచాను. సార్లు ఒప్పుకోరు,” అంటున్నాడతను.

కూతురు వేళకు రాలేదు కాబోలు అనుకుంది మీ పెద్దత్త.

“ఎలా చేశావు?” అనడిగింది ఆవిడ.

“బాగా చేశానమ్మా. మరి మీ అమ్మాయి?”

“ముందు నువ్వు నాలుగు ముద్దలు తిను. మొహం పీక్కుపోయింది,” అంటూ ఆవిడ టిఫిను డబ్బా మూత తీసి దాని చేతిలో పెట్టింది.

సీటొచ్చింది. కొట్లో స్టూలు మీద పిల్లి పడుకునేది. మీ పెద్దత్త చదివి, అక్కడే పాఠాలు చెప్పి, అక్కడే రిటైరైంది. ఇంటర్వ్యూలు జరిగే రోజుల్లో మాత్రం వరండాలోకి వచ్చి, బెంచీల మీద కూర్చున్న పెద్దవాళ్ళని ఒక్కొక్కరినీ “మీ పేరేమిటమ్మా?” అని అడిగేది. దానికి చాదస్తం అనుకునేవాళ్ళందరూ.

చాదస్తం కాదే. ఆవేళ సాయంత్రం ఇద్దరూ కలిసే గేటు దాకా నడిచారు. అక్కడ ఆవిడ భర్త సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ చేతిలోని గొడుగు అందుకుంటూ, “పిల్లలు స్కూలు నుంచి వచ్చి ఒకటే గొడవ, అమ్మకి ఎమ్మే సీటొచ్చిందా అని. లోపల ఏమడిగారు నిన్ను?” అన్నాడు.

ఆవిడ మీ పెద్దత్త వంక చూడకుండా, “అన్నీ నాకొచ్చినవే అడిగారండీ,” అని సైకిలెక్కింది.

మూడుసార్లు విన్న ఆ పేరు ఎంత తన్నుకున్నా మీ పెద్దత్తకు మళ్ళీ గుర్తు రాలేదు. నువ్వు ఈ కథైనా గుర్తుంచుకో తల్లీ. రేపు అక్కడ వరండాలో కూర్చున్నప్పుడు, నీ పక్కనున్నవాళ్ళకు చెప్పు.