ఈ మాటకి తెలుగు

"మోర్టాలిటీ అని రాశారు. ఈ మాటకి తెలుగు చెప్పండి," అంది వెంకటదుర్గ.

"చావులు," అన్నాడు నాగేశ్వరప్రసాద్. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. గంట నుంచి ఇదే వరస.

రాజమండ్రిలో వెలువడే ఒక వారపత్రికకి వెంకటదుర్గ ప్రతి వారం ఒక పేజీ రాస్తుంది. ఎవరైనా పరిశోధన పత్రం రాస్తే నేరుగా వాళ్ళ దగ్గరకే వెళ్ళి కూర్చుంటుంది. ఇంగ్లీషులో ఉన్నదంతా వాళ్ళ నోటితోనే తెలుగులో చెప్పిస్తుంది. అర్థం కాని మాట ఒక్కటున్నా కదలదు. రొయ్యల తెల్లమచ్చ జబ్బు మీద పనిచేసినాయన దగ్గరకి ఒక్క మాట తేలక భీమవరం రెండుసార్లు వెళ్ళింది. ఈ వారం ధవళేశ్వరం వచ్చింది.

నాగేశ్వరప్రసాద్ కాలేజీ లెక్చరర్. ఏడేళ్ళ కిందట నవంబరు తుఫానులో, సముద్రానికి మూడు మైళ్ళ దూరాన ఉన్న ఒక ఊళ్ళో నలభై ఒక్కమంది ఎందుకు చనిపోయారన్నది అతని పరిశోధన.

"హెచ్చరిక అందలేదాండీ?"

"అందింది. అదే దారుణం. మధ్యాహ్నం మూడింటికే మండలాఫీసుకి వైర్‌లెస్‌లో మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో. పది అడుగుల స్టార్మ్ సర్జ్ రాబోతోందని."

"సర్జ్ అంటే?"

"అందరికీ తెలిసిందే కదండీ!"

"తెలీనివాళ్ళూ చదువుతారండి."

"ఉప్పెన. సముద్రం లేచి ఊరి మీద పడటం."

ఆమె రాసుకుంది. "తరవాత?"

"ఆఫీసులో ఉన్న గుమాస్తా దాన్ని తెలుగులోకి మార్చి, జీపులో ఊరూరా తిరిగి మైకులో చదివారు. ఉప్పెన అనలేదు. సముద్రంలో అలలు ఎక్కువగా ఉంటాయి, ఎవరూ వేటకి వెళ్ళొద్దు అన్నారు. ఆ ఊళ్ళో వేటకెళ్ళేవాడే లేడు. అందరిదీ వరి, కొబ్బరి."

ప్రాణాలతో మిగిలిన రత్నమాణిక్యం అనే ఆవిడ చెప్పిన మాటలు కాగితాల్లో వెతికి చదివి వినిపించాడు. "'మైకు విన్నామండి. అలలే కదా, మనకేంటి అనుకున్నాం. పిల్లలిద్దరికీ అన్నం పెట్టి పడుకోబెట్టాను. చలిగాలి కొడుతోందని తలుపుకి గడియ పెట్టాను. ఆ గడియ నేనే పెట్టానండి.'"

బయట కాలవ గట్టు మీద ఏదో లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఫర్లాంగు దూరంలో రెండంతస్తుల స్కూలు బిల్డింగు ఉంది," అన్నాడతను. "ఉప్పెన అన్న ఒక్క మాట చెవిన పడితే ముసలివాళ్ళు కూడా నడిచి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ మేడ మీదకి నీళ్ళు రాలేదు."

"ఆ గుమాస్తా గురించి పత్రంలో ఒక్క వాక్యమే రాశారు."

"నాకు తెలిసింది అంతేనండి. ఉద్యోగంలో చేరి పది రోజులట. శవాలు తీసిన రోజే ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయారట. పేరు చెప్పడానికి ఆఫీసులో ఎవరూ ఒప్పుకోలేదు. చాలా వెతికాను."

"దొరికితే ఏం చేసేవారు?"

"తిట్టడానికి కాదండి. ఒక్కటి అడుగుదామని. ఆ మాటకి అర్థం తెలియనప్పుడు పక్కవాళ్ళనైనా ఎందుకు అడగలేదని."

వెంకటదుర్గ ఆ ప్రశ్న కూడా రాసుకుంది. అతను ఇంకేదో చెప్పబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు.

"సిగ్గేసిందండీ," అంది వెంకటదుర్గ, "కొత్త ఉద్యోగం, నాకు ఇంగ్లీషు రాదనుకుంటారేమోనని అడగలేదు."