జ్వరానికి బదిలీ

"దగ్గింది ఎవరు?" అన్నాడు మేనేజరు కాంతారావు, నీలగిరి తైలం చల్లిన రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

బందరు ఆఫీసులో గుమాస్తాలందరూ ఒక్కసారి పాండురంగ వంక చూశారు. పాండురంగ హెడ్ గుమాస్తా, మేనేజరు తర్వాత మేనేజరంతటివాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు.

ఊళ్ళో ఇన్‌ఫ్లుయెంజా జ్వరం ఇంటింటికీ తిరుగుతోంది. బడులకి సెలవులిచ్చేశారు. కోర్టులో పిలిస్తే పలికే ప్లీడరు లేడు. బియ్యం ఎగుమతి చేసే ఈ దొరల కంపెనీ మాత్రం మూయడానికి వీల్లేదని మద్రాసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఒక్క జబ్బు మనిషి కూడా లేకుండా, పని ఆగకుండా ఆఫీసు నడిపిన మేనేజరుకి మద్రాసులో పెద్ద ఉద్యోగం ఇస్తానని అక్కడి పై అధికారి విల్సన్ దొర ఆశ కూడా పెట్టాడు. దాంతో కాంతారావు సొంత బుర్ర ఉపయోగించి ఒక నిబంధన చేశాడు. దగ్గినవాడు ఎంతటివాడైనా ఆ క్షణమే కుర్చీ దిగి ఆఫీసు వదలాలి. వాడి కింది మనిషి ఆ కుర్చీలో కూర్చుని పని సాగించాలి. జబ్బుకి చిన్నా పెద్దా తేడా లేనప్పుడు తనకి మాత్రం ఎందుకుండాలని రోజూ ఉపన్యాసం కూడా ఇచ్చేవాడు.

పాండురంగ కుర్చీ దిగాడు. సంగతి తెలిసి ఆయన భార్య రాజ్యలక్ష్మి గంజి చెంబు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"ఇంటికి తీసుకెళ్తానండీ. నాలుగు రోజులు పడుకుంటే లేచి కూర్చుంటారు," అని కాంతారావుని బతిమాలింది.

"ఇంట్లో పడుకుంటే బందరు ఆఫీసులో జబ్బు మనిషి ఉన్నట్టు లెక్క, అమ్మా. అందుకని గుడివాడ ఆఫీసుకి బదిలీ చేశాను. ఇప్పుడీ జ్వరం గుడివాడవాళ్ళది."

"ఒళ్ళు కాలిపోతోందండీ. దారిలో ఏమైనా అయితే?"

"దారి రైలువాళ్ళది," అన్నాడు కాంతారావు.

వెళ్ళనంటే ఉద్యోగం ఊడుతుంది. ఉద్యోగం ఊడితే ఆ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. రాజ్యలక్ష్మి మొగుడితో పాటు తనూ జట్కా ఎక్కింది. జబ్బు ఊరు దాటేదాకా నమ్మకం చాలక కాంతారావు ఇంకో జట్కాలో వెనకే బయల్దేరాడు.

స్టేషను రోడ్డులో పల్లెపాలెం వాళ్ళు డప్పులతో అడ్డం వచ్చారు. చిన్న చెక్కబండి మీద పసుపు పూసిన అమ్మవారిని కూర్చోబెట్టి, వేపమండలు కట్టి, పొలిమేర దాటించడానికి లాక్కెళ్తున్నారు. అమ్మవారు దాటితే ఆవిడ వెంట జ్వరమూ దాటుతుందని వాళ్ళ నమ్మకం. కాంతారావుకి ఒళ్ళు మండింది. జట్కా దిగి, జబ్బుని పక్కూరి మీదికి తోసేసి చేతులు దులుపుకోవడం మనుషులు చేసే పనేనా అని వాళ్ళ పెద్ద నాంచారయ్యని కడిగేశాడు. నాంచారయ్య అంతా విన్నాడు. ముందు జట్కాలో మూలుగుతున్న మనిషిని చూసి, ఈ బాబునెక్కడికి తీసుకెళ్తున్నారని అడిగాడు. గుడివాడకని జట్కావాడు చెప్పాడు.

"అయితే మీరే ముందెళ్ళండి బాబూ," అని నాంచారయ్య తన బండిని పక్కకి లాగించాడు.

గుడివాడ మేనేజరు సూర్యప్రకాశరావు ప్లాట్‌ఫారం మీదే కాసుకుని ఉన్నాడు. ఆయన కూడా మద్రాసు ఉద్యోగం మీద కన్నేసిన మనిషే. పాండురంగని స్టేషను దాటనివ్వకుండా, దూరం నుంచే తిరుగు బదిలీ కాగితం అందించి, బందరు వెళ్ళే బండి ఎక్కించాడు. బందరులో కాంతారావు మళ్ళీ కాగితం ఇచ్చి గుడివాడ బండి ఎక్కించాడు. ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు. పాండురంగ జ్వరం రెండు ఊళ్ళ మధ్య రైల్లోనే కాపురం పెట్టింది. రాజ్యలక్ష్మి ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, ఆగిన ప్రతి స్టేషన్లోనూ వేణ్ణీళ్ళు అడుక్కొచ్చి పట్టింది. రెండు ఆఫీసుల నుంచీ మద్రాసుకి రోజూ ఒకటే తంతి: జబ్బు మనిషి లేడు, పని ఆగలేదు. విల్సన్ దొర మురిసిపోయాడు. ఇంత సిగ్గులేని పనికి ఇంత మెప్పు ఇంకెక్కడా దొరకదు.

చివరికి జ్వరమే విసుగెత్తి రైలు దిగిపోయింది. ఒకరోజు పొద్దున్న పాండురంగ, సగానికి సగం చిక్కి, తన కాళ్ళ మీద తనే నడిచొచ్చి బందరు ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. వెనకాలే రాజ్యలక్ష్మి.

"తగ్గిపోయిందండి. పనిలో చేరతాను," అన్నాడు.

కాంతారావు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. తగ్గినట్టు కనిపించేవాళ్ళతోనే అసలు ప్రమాదమనీ, ఎందుకైనా మంచిది మరికొన్నాళ్ళు గుడివాడలో ఉండి రమ్మనీ చెప్పి, కొత్త కాగితం తీశాడు. రాజ్యలక్ష్మి ఈసారి బతిమాలలేదు. ఆవిడకి ఓపికా అయిపోయింది, కన్నీళ్ళూ అయిపోయాయి. గుమ్మం పట్టుకుని అలా చూస్తూ నిలబడింది.

పాండురంగ పేరు రాయడం పూర్తయిందో లేదో, కాంతారావుకి గొంతులో గరగరలాడింది. గుటక వేశాడు. ఆగలేదు. రుమాలు ఎంత గట్టిగా నొక్కుకున్నా ఆ దగ్గు ఆఫీసంతా వినిపించింది.

గుమాస్తాల కలాలన్నీ ఆగిపోయాయి. అందరూ ముందు మేనేజరు వంక, ఆ తర్వాత గుమ్మంలో ఉన్న ఆయన కింది మనిషి వంక చూశారు. కాంతారావు గబగబా కాగితం నలిపేయబోయాడు.

"నలపకండి సార్," అన్నాడు పాండురంగ లోపలికి వస్తూ, ఎంతో మర్యాదగా. "పేరొక్కటి మారిస్తే చాలు."