పగిలిన తలుపు

"కొట్టు నాన్నా. నీ బలమంతా పెట్టి కొట్టు," అంటూ కూతురు సుత్తి అందించింది.

షెడ్డులో ఆమె పందెం కారు సిద్ధంగా ఉంది. దాని తలుపులు స్టీలువి కావు. అచ్చులో గాజునారను జిగురుతో పొర మీద పొర వేసి ఆమె స్వయంగా చేసుకున్న ఫైబర్‌గ్లాస్‌వి. బతుకంతా కార్ల సొట్టలు తీసిన తండ్రికి వాటిని చూస్తేనే ఒళ్ళు మండుతోంది.

మొదటి దెబ్బకు తలుపు లోపలికి వంగి, మళ్ళీ మామూలుగా అయిపోయింది. ఆయన పంతం పట్టి ఇంకా గట్టిగా కొట్టాడు. తలుపు ఫట్‌మని నిలువునా పగిలింది.

"చూశావా! ఇదే స్టీలైతే సొట్టతో పోయేది. ఈ అట్టముక్క తగిలించుకుని పందేనికి పోతావా? నేను పోనివ్వను."

"నేను నిన్ను అడగట్లేదు, చెప్తున్నా. నన్ను కాపాడేది తలుపు కాదు, లోపలున్న ఇనుప పైపుల చట్రం. కారు బోల్తాపడి నీ స్టీలు తలుపు బిగుసుకుపోతే నేనెలా బయటికి రావాలి?"

ప్రమాదాల్లో నలిగిన తలుపులు కోసి లోపలివాళ్ళను బయటికి లాగిన చేతులు ఆయనవి. అందరూ ప్రాణాలతో రాలేదు.

ఆయన కారెక్కి ఆ తలుపే వేసుకున్నాడు. పైపులు పట్టుకుని ఊపి చూశాడు. అవి కదల్లేదు. పగిలిన తలుపును కాలితో ఒక్క తన్ను తన్నాడు. అది ఊడి అవతల పడింది.

"కొత్తది చెయ్యి," అన్నాడు బయటికొచ్చి. "ఇంకో పొర ఎక్కువ వెయ్యి."

"వెయ్యను. బరువెక్కుతుంది."

"మొండిఘటం!" అంటూ ఆయన చొక్కా చేతులు మడిచాడు. "సరే, నన్నేం పట్టుకోమంటావు?"