ఎస్తేరు ప్రయాణం

జ్ఞానమ్మ రేకుపెట్టె మీద ఎక్కి కూర్చుంది. కూతురు ఎస్తేరు గౌన్లు అందులో సర్దాలి, లేవమని మొగుడు బాలశౌరి ఎంత బతిమాలినా కదల్లేదు.

"పిల్లని పంపేది లేదు. బొమ్మల్ని చూసి కన్నబిడ్డని సాగనంపే మగాణ్ణి నిన్నే చూశా."

"అందరి ముందూ చెయ్యెత్తానే. ఇప్పుడు దించమంటావా?"

ఎత్తిన మాట నిజమే. గురజాల నుంచి సర్కారు వ్యాను వచ్చి, బడి ముందు తెర కట్టి సినిమా వేసింది. అందులో మనుషులు లేరు, అన్నీ గీసిన బొమ్మలే. రెండు దేశాల పిల్లలు చదువు కోసం ఇళ్ళు మార్చుకుంటారు. వీళ్ళ పిల్ల వాళ్ళింట్లో, వాళ్ళ పిల్లాడు వీళ్ళింట్లో. మాటలన్నీ ఇంగ్లీషు. బడిపంతులు దేవదాసు తెర పక్కన నిలబడి గొంతు చించుకుని తెలుగులో చెప్పాడు. పసుపు జుట్టు పిల్లాడు పుల్లలతో అన్నం తినబోయి చెవుల దాకా పూసుకుంటే జనం పడీ పడీ నవ్వారు. వాడు తిరిగిపోయేటప్పుడు ఆ ఇంటావిణ్ణి అమ్మా అని పిలిచేసరికి నవ్విన వాళ్ళే ముక్కులు చీదారు. జ్ఞానమ్మ కొంగయితే పిండాల్సి వచ్చింది.

సినిమా అయ్యాక తాసీల్దారు లేచి, మీలో ఇట్లా పిల్లల్ని పంపే ధైర్యం ఎవరికుందని అడిగాడు. అడగడం అధికార్లకి అలవాటు. జవాబు వస్తుందని అనుకోరు. బాలశౌరి చెయ్యెత్తాడు. అన్న మాట మింగలేక తాసీల్దారే పోయి అవతలివాళ్ళతో మాట్లాడాడు. వాళ్ళు నీళ్ళు నమిలారు, సాకులు చెప్పారు, చివరికి సరే అన్నారు. సెలవులకి ఎస్తేరు అక్కడికి, వాళ్ళ పిల్ల ఇక్కడికి.

అప్పటినుంచి జ్ఞానమ్మకి ముద్ద దిగడం లేదు. అక్కడ మనవాళ్ళు ఒక్కరూ లేరు, పిల్ల ఏడిస్తే పలికేదెవరు? వాళ్ళ తిండి చప్పిడిదట. వాళ్ళ మాట తీరే వేరట. ఎస్తేరు నోరు తెరిస్తే నవ్వుతారేమోనని, మంచినీళ్ళు ఎలా అడగాలో, అన్నం చాలని ఎలా చెప్పాలో దేవదాసు మేష్టారు సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పాడు. ఎస్తేరు ఆ పలుకుల్ని మేకల ముందు అప్పజెప్పుకుంది. మేకలు నవ్వలేదు.

పక్కింటి రత్నకుమారి గోడ మీంచి తల పెట్టింది. "ఏం వదినా, పిల్ల విమానమెక్కుద్దా, ఓడెక్కుద్దా?"

"మా తాతముత్తాతలు ఒక్కడూ కాలు పెట్టని చోటికి పోతంది," అన్నాడు బాలశౌరి. "ఏది ఎక్కితే నీకెందుకమ్మా?"

రత్నకుమారి తల తీసేసింది. జ్ఞానమ్మ ఇంకో పక్కనుంచి అందుకుంది.

"సరే, ఇది పోద్ది. మరి ఆ వచ్చే పిల్ల? మన ఎండుచేపల వాసనకి పారిపోతే?"

"పోయి పట్టుకొస్తా."

"నులకమంచం మీద పడుకుంటదా?"

"ఇది వాళ్ళ నేల మీద పడుకోవాలేమో. అది అడగవేందే?"

జ్ఞానమ్మ అసలు భయం అప్పుడు బయటికొచ్చింది.

"లోపలికి రానియ్యకుండా తిప్పి పంపితే? ఈ పసిదాని మొహం నేనెట్టా చూసేదయ్యా?"

డ్యాం దగ్గర బండలు పగలగొట్టే బాలశౌరి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. జడ అల్లుకుంటున్న ఎస్తేరు మాత్రం తల తిప్పకుండా అంది.

"తిప్పి పంపితే మళ్ళీ పోతా. ఎన్నిసార్లు పంపుతారు?"

జ్ఞానమ్మ పెట్టె మీంచి లేచింది.

గౌన్లు పెట్టింది. దువ్వెన పెట్టింది. చింతకాయ పచ్చడి పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది. పాస్టరుగారు వచ్చి ప్రయాణికుల కోసం ప్రార్థన మొదలుపెట్టారు. అది ఎంతకీ ముగియకపోతే, అక్కడ వాళ్ళు ఎదురుచూస్తున్నారండీ అని దేవదాసు మేష్టారు దగ్గాడు. పల్లె పల్లెంతా బయటికొచ్చింది. ముసలి జక్కయ్య పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించాడు.

బాలశౌరి పెట్టె నెత్తికెత్తుకున్నాడు. జ్ఞానమ్మ వంగి ఎస్తేరు కాలర్ సవరించింది.

"భయమేస్తే కిందికి చూడమాక. తలెత్తి నడువు."

కనుమరుగయ్యే దాకా చూద్దామని జ్ఞానమ్మ పెంటదిబ్బ ఎక్కింది. ఎక్కువసేపు పట్టలేదు.

మాలపల్లె పక్క బండ్లబాట దాటి, ఎస్తేరు కరణంగారింటి గడప లోపల కాలు పెట్టింది.