నాలుగో దినం

“ముందు జుట్టు కత్తిరించాల,” అన్నాడు ఈశ్వరప్ప, బెంచీ చివర కూర్చున్న మునిరాజు తల వైపు వేలు చూపిస్తూ. “సెవులు మూసుకుపొయ్యే జుట్టుతో పోతే మొదటి దినమే లెక్చరర్ల కంట్లో పడతారు.”

మునిరాజు తల నిమురుకుని వాళ్లమ్మ వైపు చూశాడు. నారాయణమ్మ ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని ఆ మాట కూడా శ్రద్ధగా రాసుకుంది.

ఈశ్వరప్ప మదనపల్లెలో ఒక కాలేజీ ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి, మూడేళ్ల కిందట రిటైరై పుంగనూరు చేరాడు. జూన్ వచ్చిందంటే చుట్టుపక్కల పల్లెల వాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆయన వసారాకు వస్తారు. అడిగినవాళ్లకు అడిగినంత, అడగనివాళ్లకు ఇంకాస్త ఎక్కువ సలహా ఇచ్చి పంపుతాడు. ఈ 1984 జూన్‌లో మొదట వచ్చింది ఈ తల్లీకొడుకులే. “కాలేజీలో చేరతాండాము సార్. మా ఇంట్లో ఇంతవరకూ ఎవురూ ఆ గడప తొక్కలేదు. నాలుగు మాటలు సెప్పండి” అంది నారాయణమ్మ వస్తూనే. ఈశ్వరప్పకు అంతకంటే ఏం కావాలి!

“హాస్టల్లో ఉండేదా?” అని అడిగాడు.

“హాస్టలయితే కుదరదు సార్. ఇంట్లో గొర్రెలుండాయి. పొద్దున బస్సుకు పొయ్యి సాయంత్రానికి వచ్చేస్తాము.”

“ప్యాంట్లు కుట్టించినారా?”

నారాయణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “మా పల్లెలో ప్యాంటు యాడిది సార్! ఉండే గుడ్డలే ఉతికి ఇస్త్రీ చేసుకునేది.”

“అదీ మేలే. ఇంగ సీనియర్లు నిలబెట్టి పాట పాడమంటారు. బెదరగూడదు, వచ్చింది పాడెయ్యాల. కుప్పం పిల్లోడొకడు ఆడ నిలబడి ఏడ్సినాడు. సదువు అయ్యేదాకా వాడి పేరు ఏడుపు కుప్పం.”

“పాటలకేం కొదవలేదు సార్. కోలాటం పాటలు శానా ఉండాయి.”

ఈశ్వరప్ప గొంతు తగ్గించాడు. “అన్నింటికంటే పెద్ద గండం ప్రేమ. నోట్సు అడగతారు, నవ్వతారు. అంతే, సదువు అటకెక్కుతాది.”

నారాయణమ్మ ముఖం ఎర్రబడింది. “రామ రామ! ఈ వయసులో ప్రేమేంది సార్!”

“ఈ వయసులోనే గదమ్మా వచ్చేది!”

లోపల కాఫీ కలుపుతున్న ఆయన భార్య రాజేశ్వరమ్మ కిసుక్కున నవ్వింది. ఇందాక పెరట్లో కాళ్లకు నీళ్లిస్తూ ఆమె నారాయణమ్మతో చాలాసేపే మాట్లాడింది. “ఎవురికి సెప్పాల్నో సూసి సెప్పండి,” అని అక్కడి నుంచే కేకేసింది.

ఈశ్వరప్ప కుర్చీని మునిరాజు వైపు ఇంకాస్త జరుపుకున్నాడు.

“క్లాసులు ఎప్పటినుంచి?”

“వచ్చే ఆదివారం సార్,” అంది నారాయణమ్మ.

“ఆదివారమా!” ఆయన పగలబడి నవ్వాడు. “ముప్పై ఏండ్లలో ఆదివారం కాలేజీ గేటు తెరిసింది నేను సూళ్లేదు. మిమ్మల్ని ఎవురో ఏమార్చినారమ్మా.”

నారాయణమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. “పరీక్ష పెట్టే తీసుకున్నారు సార్. పుస్తకాలు గూడా పోస్టులో వచ్చినాయి.”

రాజేశ్వరమ్మ కాఫీ గ్లాసులతో వచ్చింది. “పేపర్లో పడింది మీరు సూళ్లేదా? పన్లు చేసుకుండేవాళ్లు ఇంట్లోనే సదువుకోని ఆదివారం క్లాసులకు పోవచ్చంట. మీరు రిటైరయినాక వచ్చిన సదువు అది.”

“ఓహో! గొర్రెలు మేపుకుండే పిల్లోళ్లకు బాగుండాదే,” అని ఈశ్వరప్ప తగ్గాడు. తనకు తెలియని చదువొకటి తన వెనకే పుట్టుకొచ్చిందంటే మాత్రం ఆయనకు కాస్త చిన్నతనంగానే అనిపించింది.

నారాయణమ్మ నోటుబుక్కు మూసింది.

“ఇవన్నీ సరే సార్. మా ఇంటాయనకు ఇది ఇష్టం లేదు. ‘నెల సూస్తా. నలుగురు నవ్వినారని నా సెవిన పడిందా, పుస్తకాలు గొర్రెల దొడ్లో పారేస్తా’ అన్నాడు. తీరా పొయినాక అందరూ నవ్వితే ఏం జెయ్యాల?”

ఆ మాట విని ఈశ్వరప్పకు నిజంగానే జాలేసింది. ఏటా హాజరు పట్టీలో ఎర్రసిరాతో పేర్లు కొట్టేసింది ఆయన చేతులే. అలా కొట్టేసిన వాళ్లలో చదువు రాని వాళ్లు తక్కువ. మాట యాసగా ఉందనో, చెప్పులు లేవనో ఎవరో నవ్వితే తట్టుకోలేక బస్సెక్కి వెళ్లిపోయిన పల్లెటూరి పిల్లలే ఎక్కువ. ఒక్కరినైనా పిలిచి ఆపి ఉంటే బాగుండేదని ఆయనకు ఇప్పటికీ బాధ.

“నవ్వతారమ్మా. నవ్వరని నేను అబద్ధం సెప్పను,” అన్నాడు నెమ్మదిగా. “మొదటి దినం అందరూ నవ్వతారు. రెండో దినం సగం మంది. మూడో దినానికి ఆ నవ్విన వాళ్లే పక్కన కూసోని నోట్సు అడగతారు. మూడు దినాలు ఓర్సుకుంటే సాలు. నాలుగో దినం మాత్రం తప్పకుండా పోవాల. పొయ్యి మొదటి బెంచీలో కూసోవాల. ఆ పొద్దు ఇంట్లో ఉండిపోతే నవ్వినోళ్లే గెల్సినట్టు.”

నారాయణమ్మ మళ్లీ నోటుబుక్కు తెరిచింది. అక్షరాలు మసకబారుతుంటే కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఆ మాట పూర్తిగా రాసుకుంది.

ఇంతసేపు చెప్పినా ఆ పిల్లవాడి నోటి నుంచి ఒక్క మాటా రాలేదని ఈశ్వరప్పకు అప్పుడు గుర్తొచ్చింది. భుజం మీద చెయ్యి వేసి గట్టిగా కుదిపాడు.

“ఏమప్పా, మీయమ్మ అంత అగసాట్లు పడతా ఉంటే నువ్వు ఉలకవు, పలకవు. నేను సెప్పింది బుర్రకెక్కిందా లేదా?”

మునిరాజు ఖాళీ గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకున్నాడు.

“నాదింకా పదో తరగతే సార్, కాలేజీకి పొయ్యేది మాయమ్మ.”